నలభై రోజుల లాయం

మా తాత తన జీవితంలో కట్టిన ప్రతిదాన్నీ మళ్లీ తనే విప్పేశాడు. ఆయన డేరాల మేస్త్రి. పెళ్లిళ్లకీ సభలకీ ఎగ్జిబిషన్లకీ డేరాలు వేయడం, పని ముగిశాక ఊడదీసి చుట్టి లారీకెక్కించడం, యాభై ఏళ్లు ఇదే ఆయన బతుకు. నన్ను ఏ వీధిలోకి తీసుకెళ్లినా మధ్యలో ఆగి, ఇక్కడ నేను ఐదొందల మంది కూర్చునే హాలు కట్టానని చెప్పేవాడు. తలెత్తి చూస్తే అక్కడ ఖాళీ జాగా, అందులో ఒక కుక్క కనిపించేవి.

పనిలో ఆయనకి రెండు పట్టింపులు. మొదటిది నీళ్లు. డేరా వేయబోయే నేల మీద బకెట్లతో నీళ్లు పోసి, అవి ఎటు పారతాయో, ఎక్కడ నిలుస్తాయో చూసేదాకా ఒక్క రాట కూడా పాతనిచ్చేవాడు కాదు. రెండోది ముడి. ఆయన కట్టిన ప్రతి తాడూ ఒక్క లాగుకి విడిపోవాలి. గాలి లేచినా నిప్పంటుకున్నా, కింద జనం ఉన్నప్పుడు వేళ్లు తడుముకోకూడదనేవాడు. పీటముడి వేసినవాడిని ఆ పూటకి ఇంటికి పంపేసేవాడు. నా చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది గానీ జారుముడి మాత్రం ఆరో ఏటే వచ్చేసింది. చిన్నప్పుడు తాత నాకు జడ వేస్తే, బడికి చేరేలోపు రిబ్బన్లు ఊడి చేతికొచ్చేవి.

ఊరి చివర గుర్రపు స్వారీ నేర్పే స్కూలు ఒకటి ఉంది. ఏటా వాళ్ల పోటీలకి డేరాలు వేసేది తాతే. ఆయన అరవై రెండో ఏట అలాంటి పోటీల రోజున పెద్దగాలి వచ్చి నడిమి రాట విరిగింది. గుడ్డంతా వాన నీళ్లతో సహా కిందికి కూలింది. జనం బయటికి పరిగెత్తారు. లోపల మిగిలింది ఇద్దరే. తొడ మీద రాట పడి లేవలేకపోయిన తాత, పోటీలో గెలిచిందని బహుమతికి తెచ్చి కట్టేసిన స్కూలువాళ్ల బూడిదరంగు ఆడగుర్రం. దాన్ని మబ్బు అని పిలిచేవారు. తాత సరిగ్గా దాని నాలుగు కాళ్ల మధ్య వెల్లకిలా పడ్డాడు. మీద తడిసిన గుడ్డ, చుట్టూ చీకటి, బయట అరుపులు. మనుషులు వచ్చి గుడ్డ ఎత్తేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా గుర్రం ఒళ్లంతా వణికిందట, గిట్ట మాత్రం ఒక్కటీ ఎత్తలేదట. ఇంటికొచ్చి తాత మాకు చెప్పింది ఒక్క ముక్కే, గుర్రం తన కొత్త చొక్కా మీద ఉచ్చ పోసిందని. మిగతాది ఆయన దగ్గర పనిచేసేవాళ్లు చెబితే తెలిసింది.

నేను చెప్పబోయేది ఆయన డెబ్భై ఒకటో ఏట జరిగింది. పని మానేసి అప్పటికి రెండేళ్లు. స్వారీ స్కూలువాళ్లు పాత లాయం పడగొట్టి కొత్తది కడుతున్నారు. ప్రారంభం రోజుకి డేరా కొలతలు చూసి పెట్టమని పిలిస్తే, మోకాళ్ల నొప్పులు కూడా మరిచిపోయి చంకలో కొలతాడు పెట్టుకుని వెళ్లాడు. కొలతలేమీ తీసుకోకుండానే తిరిగొచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

మబ్బు రెండు వారాల కిందట దాణా గదిలోకి దూరి, మూతి విప్పి ఉన్న బస్తా సగం ఖాళీ చేసిందట. దాంతో ముందరి గిట్టలు వాచాయి. గుర్రానికి ఇది చిన్న జబ్బు కాదు. గిట్ట మన గోరులాంటిది. లోపలి ఎముక ఆ గోటిని అంటిపెట్టుకునే నిలుస్తుంది. వాపు ముదిరితే ఆ పట్టు సడలి ఎముక కిందికి జారిపోతుంది, ఆ తర్వాత గుర్రం తన బరువు తను మోయలేదు. పశువుల డాక్టరమ్మ రాసిన మందుల కంటే చెప్పిన పథ్యమే పెద్దది. నలభై రోజులు పెద్దగా కదలకుండా పొడి నేల మీద ఉండాలి. కింద మెత్తటి పరుపు ఉండాలి. నీళ్లలో నానబెట్టి పిండిన ఎండుగడ్డి తప్ప పచ్చిది ఒక్క పోచ కూడా నోట పడకూడదు. స్కూల్లో చూస్తే పైకప్పే లేదు. మిగతా గుర్రాలని అద్దె చోటికి పంపేస్తున్నారు. కుంటుతున్న పదహారేళ్ల గుర్రానికి అక్కడ వేరే గది ఇవ్వడం కుదరదు. శుక్రవారం ప్రాణం పోయే సూది వేయించి దాని బాధ తీర్చేద్దామని స్కూలాయన నిర్ణయించాడు.

ఇదంతా చెప్పి తాత, "ఇవాళ మంగళవారం," అన్నాడు.

"అయితే?" అంది అమ్మమ్మ.

"మనకి ఎకరం ఉంది కదా."

"ఎకరం నాది. నీదల్లా మంచం కింద తాళ్లు."

అది నిజమే. నేల అమ్మమ్మకి వాళ్లమ్మ నుంచి వచ్చింది. సన్నగా పొడుగ్గా ఉండే ఎకరం. రోడ్డు వైపు ఇల్లు, ఇంటి వెనక ఖాళీ నేల, ఆ వెనక సగం అమ్మమ్మ బఠాణీ మళ్లు. ఆ మళ్లంటే ఆవిడకి ప్రాణం. ప్రతి తీగనీ పేరు పెట్టి పిలవకపోవడం ఒక్కటే తక్కువ.  తాత చెప్పులు విప్పి, వెళ్లి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన గోడ వైపు తిరిగి పడుకోవడం అది రెండోసారి. మొదటిసారి మా అమ్మ పోయినప్పుడు.

అమ్మమ్మ వంటింట్లో గిన్నెలు రెండుసార్లు కడిగింది. తర్వాత గదిలోకి వెళ్లి, ముందు సగం ఇస్తానని, బఠాణీల వైపు గుర్రం తోక కూడా తిప్పకూడదని చెప్పింది. తాత అప్పుడే లేచి కొలతాడు అందుకున్నాడు. స్కూలాయన కూడా ఒప్పుకున్నాడు. నలభయ్యో రోజున డాక్టరమ్మ వచ్చి చూస్తుంది. గుర్రం గట్టినేల మీద నడిస్తే అది మేస్త్రిదే. నడవకపోతే ఆ రోజే సూది. ఆయన చెడ్డవాడేమీ కాదు, కలప మిల్లు నుంచి రంపపుపొట్టు ఒక ట్రాక్టరు నిండా పంపించాడు.

బుధవారం పొద్దున్నే నీళ్లు మొదలయ్యాయి. ముందు సగంలో నాలుగు చోట్ల ఎనిమిదేసి బకెట్లు పోయించాడు. మోసింది నేను. బఠాణీలకి ఒక్క చెంబు పోయమంటే నడుం పట్టేసిందనే పిల్ల, గుర్రం రాకముందే గుర్రంలా మోస్తోందని అమ్మమ్మ దెప్పింది. తాత గొంతుక్కూర్చుని ప్రతిచోటా నీళ్ల దారి చూశాడు. నీడ బాగా ఉండే మూల ఒకటుంది, నేనైతే అక్కడే కట్టేసేదాన్ని. అక్కడ నీళ్లు పది నిమిషాలైనా ఇంకలేదు. ఇంటి వెనక కొంచెం ఎత్తుగా, గులకరాళ్లతో ఉన్న చోట మాత్రం పోసిన నీళ్లు పోసినట్టే రెండు వైపులా జారిపోయాయి. తాత అక్కడ సున్నంతో గీత గీశాడు.

పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. వెనక గోడ గాలి వచ్చే వైపు, ముందు భాగం ఇంటి వైపు, అలా అయితే గుర్రానికి మనుషులు కనిపిస్తారు. ఒంటరిగా ఉన్నానని బెంగపెట్టుకుంటే మేత ముట్టదట. చుట్టూ జానెడు లోతు కాలవ. లద్దె కుప్ప గాలికి దిగువన, బావికి ముప్పై గజాల దూరంలో. అడుగున జానెడు ఇసుక, దాని మీద మూరెడు పొట్టు. లాయం ముందు ఇరవై అడుగుల చదరం దొడ్డి, అందులో గడ్డి మొత్తం పారతో చెక్కేయాలి. మొదటి పది రోజులు గుర్రం లాయం దాటకూడదు. తర్వాత దొడ్డిలోకి. ఆ తర్వాత వారానికోసారి కంచె తాడు బయటికి జరుపుతూ దొడ్డి పెంచాలి. ఇంత జాగాలో రాతికంచె కడితే జరపలేమని, కదిలే కంచె తనకంటే బాగా ఇంకెవడూ కట్టలేడని తాత మీసం తడుముకున్నాడు. ఆయనకి మీసం తీసేసి పదేళ్లయింది, అలవాటు మాత్రం పోలేదు.

గురువారం సాయంత్రం డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. ఇంకా ముప్పై ఏళ్లు నిండని మనిషి, మాట మాత్రం చాలా పొదుపు. తాత కట్టిన లాయం చుట్టూ ఒకసారి తిరిగింది. మా ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ పెళ్లి డేరాలవే. ఎరుపూ పసుపూ చారలు, అంచున కుచ్చులు, నాలుగు మూలలా జరీ పువ్వులు.

"పెద్దాయనా, ఇది గుర్రానికా, పెళ్లికా?"

"నా దగ్గర ఉన్నవన్నీ పెళ్లివేనమ్మా."

కుచ్చులు కత్తిరించేయమంది. గాలికి ఊగే గుడ్డ చూస్తే గుర్రం బెదురుతుంది. పైకప్పు ఇంకో రెండడుగులు ఎత్తాలంది, తల ఎగరేస్తే చెవులు తగలకూడదు. అన్నిటికంటే పెద్ద తప్పు, రాటల నుంచి బయటికి ఏటవాలుగా లాగి గూటాలకి కట్టిన తాళ్లు. కాలు అందులో చిక్కుకుంటే అయిపోయినట్టే. తాత ముఖం మాడిపోయింది. బయటికి లాగే తాళ్లు లేకుండా గుడ్డ నిలబెట్టమనడం ఆయనకి ఒంటికాలి మీద కాపురం చేయమన్నట్టే. అయినా ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున రాటలన్నీ పెకలించి నడుము లోతు గుంటల్లో మళ్లీ పాతాడు. అడ్డంగా, మూల నుంచి మూలకి కర్రలు కట్టాడు. కంచె తాడు గుర్రం కంటికి ఆనాలని దాని పొడుగునా మూరకొక తెల్లగుడ్డ పీలిక చుట్టాం. ఆ గుడ్డ నా స్కూలు యూనిఫాం చొక్కా. ఇక దాంతో పనిలేదుగా అని తాత అన్నాడు, నేను ఉడుక్కున్నట్టు నటించాను.

శుక్రవారం మధ్యాహ్నం, సూది పడాల్సిన వేళకి, మబ్బు మా ఇంటికొచ్చింది. వ్యాను నుంచి లాయం దాకా నలభై అడుగులుంటుంది, దానికి అరగంట పట్టింది. బరువంతా వెనక్కాళ్ల మీద వేసి, ముందరి కాళ్లు ముందుకు చాపి, నిప్పుల మీద నడిచినట్టు నడిచింది. ఒక్కో అడుగుకీ తాత దాని మెడ పక్కన ఆగాడు, దాన్ని లాగలేదు, అదిలించలేదు. పొట్టు మీద నాలుగు కాళ్లూ ఆనించాక అది పెద్దగా ఊపిరి వదిలింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చూశానని గమనించి, దుమ్ము అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో గడియారం గుర్రం కడుపుని బట్టి తిరిగింది. తెల్లారగానే లద్దె ఎత్తడం, తడిసిన పొట్టు తీసి కొత్తది పరచడం, గిట్టలు ఎత్తి ఊచతో శుభ్రం చేయడం, గడ్డి గంటసేపు నానబెట్టి పిండి తక్కెడలో తూచడం. గిట్ట మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడు తాత. నాకు జ్వరమొస్తే ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. లేచిన దగ్గర నుంచి లాయంలోనే ఉంటున్నాడని అమ్మమ్మ ఇల్లంతా వినపడేలా గొణిగేది. ఈ వయసులో సవతి వస్తుందనుకోలేదట, వచ్చినా రెండు కాళ్లది వస్తుందనుకుందట. తాత అక్కడి నుంచే, ఈవిడ ఎదురు చెప్పదు, అదే తేడా అనేవాడు.

పదో రోజుకి గిట్టల వేడి తగ్గింది. పన్నెండో రోజున దొడ్డిలోకి వచ్చి ఎండలో కళ్లు మూసుకుని నిలబడింది. పద్దెనిమిదో రోజున ముందరి కాళ్లు సమంగా ఆనించింది. డాక్టరమ్మ చూసి, ఇలాగే సాగితే బతుకుతుందని మొదటిసారి అంది. తాత ఆ మాటని గట్టిగా పట్టుకున్నాడు. ఆ సాయంత్రం కంచె ఇంకో పదడుగులు బయటికి జరిపి, దొడ్డి వాకిలికి అడ్డం వేసే గడిని తన చేత్తో కట్టి, ఒక్క లాగుకి ఎలా విడిపోతుందో నాకు మళ్లీ ఒకసారి చూపించాడు. నాకు తెలుసు తాతా అన్నాను. తెలిసినా చూడు అన్నాడు. మబ్బు కంచె మీద తల పెట్టి చూస్తోంది. మా ఇద్దరికీ అది ముద్దుగా అనిపించింది.

పంతొమ్మిదో రోజు పొద్దున అమ్మమ్మ కేక వేయలేదు. అందుకే నాకు భయమేసింది. నన్ను భుజం పట్టి లేపి, మీ తాతని పిలువు అని మాత్రం అంది. వెళ్లేసరికి గడి తాడు కింద పడి ఉంది. ముడి నుంచి తోకలా వేలాడే తాడు కొసని మబ్బు పళ్లతో పట్టి లాగింది. ముడి, తాత యాభై ఏళ్లు పొగుడుకున్నట్టే, ఒక్క లాగుకి విడిపోయింది. గుర్రం బఠాణీ మళ్ల మధ్యలో ఉంది. లేత తీగలు, గట్ల మీద మంచుతో తడిసిన పచ్చగడ్డి, ఎంతసేపటి నుంచి మేస్తోందో తెలియదు. మూడు వరసలు నేలమట్టం. దాని కడుపు ఉబ్బి ఉంది. తాతని చూసి చెవులు ముందుకు పెట్టింది, నోట్లోంచి తీగ వేలాడుతోంది.

తాత దాని నోట్లోంచి ఆ తీగ లాగేశాడు. మెల్లగా లాయానికి తీసుకొచ్చాడు. చీకటిపడే వేళకి గిట్టలు వేడితో కాలిపోతున్నాయి. మర్నాడు పొద్దునకి, మా ఇంటికొచ్చిన రోజుకంటే అధ్వాన్నంగా, నాలుగు కాళ్లూ దగ్గరికి చేర్చి, చెమటలు పట్టి, దవడ కొరుకుతూ నిలబడింది.

డాక్టరమ్మ వచ్చి సూది మందు ఇచ్చింది, నొప్పి తగ్గడానికిచ్చేది. గిట్టలు ఐసు నీళ్లలో ఉంచాలంది, రెండు రోజులపాటు, ఆపకుండా. తర్వాత గడి దగ్గర నిలబడి తాడు చేతిలోకి తీసుకుని చూసింది.

"ఎవరు కట్టారు?"

"నేనే," అన్నాడు తాత.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇంకొకసారి ఇలా అయితే నలభయ్యో రోజు దాకా ఆగక్కర్లేదని నెమ్మదిగా చెప్పి వెళ్లిపోయింది.

చేపల మార్కెట్ నుంచి ఐసు దిమ్మలు తెచ్చాం. అమ్మమ్మ బట్టలు నానబెట్టే తొట్లు రెండూ గుర్రం కాళ్ల కిందికి వెళ్లాయి. నేను సుత్తితో ఐసు పగలగొట్టాను, అమ్మమ్మ నీళ్లు మార్చింది. తాత దాని తల తన భుజం మీద వేసుకుని నిలబడ్డాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మోకాళ్లు పోతాయి తాతా, కాసేపు నేను పట్టుకుంటానని అన్నాను.

"ఆ రోజు డేరా కింద నేను దీని కాళ్లు చూస్తూ పడుకున్నాను," అన్నాడు. "ఏ కాలు ముందు ఎత్తుతుందా అని చూశాను. పావుగంటా చూశాను. ఎత్తలేదు. ఇప్పుడు నా ముడి దీన్ని చంపుతోంది."

 ఎప్పుడూ ఏదో ఒకటి అనే నోరు నాది. ఆ పూట ఐసు పగలగొట్టడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఐసు పెట్టిన రెండో రోజు సాయంత్రం, జ్వరం దిగినట్టు గిట్టల వేడి కొంచెం దిగింది. తాత కొత్త తాడు తీసుకుని గడి దగ్గర కూర్చున్నాడు, పీటముడి వేయడానికి. వేళ్లు తాడు తిప్పాయి, దూర్చాయి, చివరికి తమంతట తామే వంపు తిప్పి తోక బయట వదిలేశాయి. విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ జారుముడే పడింది. మూడోసారీ అంతే. ఆయన తన చేతులకేసి ఎవరి చేతులో చూస్తున్నట్టు చూశాడు.

అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తాడు లాక్కుని, చుట్టి, కాలితో తొక్కి పట్టి రెండు చేతులతో బిగించి, ఒకదాని మీద ఒకటి రెండు పీటముళ్లు వేసింది. పళ్లతో కాదు కదా గొడ్డలితో కూడా ఊడవు.

"ఇప్పుడు మనం ఎలా వెళ్లాలే లోపలికి?" అన్నాడు తాత.

"కింద నుంచి దూరు. కాసేపు నాలుగు కాళ్ల మీద నడిస్తే నీకూ దాని సంగతి తెలుస్తుంది."

మర్నాడు గొలుసూ కొక్కెమూ కొని తెచ్చి గడికి బిగించాం. కంచె మీద ఉన్న మిగతా యాభై నాలుగు ముళ్లనీ, అమ్మమ్మ పక్కన కూర్చుని ఒక్కో మెలికా చెబుతుంటే, తాతే మార్చాడు, ఒక్కోటీ బిగించాక తోక కత్తిరించేశాడు. అంత తాడు వృథా అయినందుకు మామూలుగా అయితే నన్ను వారం తిట్టేవాడు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. ముళ్లు మార్చినా బఠాణీలు అక్కడే ఉన్నాయి. పచ్చిమేత రుచి తగిలిన గుర్రం రోజంతా అటువైపే తిరిగి నిలబడేది. వాసన వచ్చినప్పుడల్లా గిట్టలు ఆడించేది, కంచెకి ఛాతీ ఆనించి తోసేది. కదలకూడదన్న గుర్రం కుదురుగా ఉండటం లేదు. తాతకి తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట అమ్మమ్మతో అనే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేదు. కాయ పట్టి మొదటి కోతకి ఇంకో పది రోజులుంది.

ఇరవై నాలుగో రోజు పొద్దున నేను పళ్లు తోముకుంటూ వెనక్కి వెళ్లాను. అమ్మమ్మ మళ్లలో వంగి ఉంది. కలుపు తీస్తోందనుకున్నాను. దగ్గరికి వెళ్తే తీగలు వేళ్లతో సహా లాగుతోంది. అప్పటికి సగం అయిపోయాయి. పీకినవి పీకినట్టే పక్కింటివాళ్ల మేకలకి గోడ మీద నుంచి వేసేస్తోంది. తాత పరిగెత్తుకొచ్చాడు, ఆయన పరిగెత్తగలిగినంత. చెయ్యి పట్టుకోబోయాడు.

"వదులు," అంది. "దానికి కనపడకూడదు, అంతే కదా. ఆ గట్ల మీద గడ్డి నువ్వు చెక్కు. నా నడుం వంగదు ఇంక."

"కాయ పట్టిందే..."

"పట్టింది. నాకు కళ్లు లేవా?"

తాత పార తెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి మా ఎకరం మొత్తం గుండు కొట్టించిన తలలా తయారైంది. అమ్మమ్మ చేతులు కడుక్కుని, లాయం ముందుకి వెళ్లి, గుర్రాన్ని చాలాసేపు చూసింది. ఇప్పుడైనా బుద్ధిగా నిలబడవే అంది. 

మబ్బు బుద్ధిగానే నిలబడింది. తిప్పుకోవడానికి వాసన లేక, నాలుగైదు రోజుల్లో తల దించి ఎండుగడ్డి నమలడం మొదలుపెట్టింది. ముప్పయ్యో రోజుకి వేడి పోయింది. ముప్పై నాలుగో రోజున పడుకుని, ఎవరి సాయమూ లేకుండా లేచింది. కానీ మెత్తటి పొట్టు మీద నిలబడటం వేరు, గట్టినేల మీద నడవడం వేరు. దాని నడక ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ కదిలించవద్దంది కాబట్టి తాత కదిలించలేదు. పోగొట్టుకున్న రోజుల్ని నలభైలోంచి తీసేయడానికి వీల్లేదని స్కూలాయనతో ఒప్పందం. ఇంకో వారం అడగమని నేను పోరాను. ఆయన అడగనన్నాడు. ఇది నా కోసం అడిగేది కాదు, నిలబడలేని జంతువుని ఇంకో వారం నిలబెట్టమని అడగడమవుతుందన్నాడు.

నలభయ్యో రోజు ముసురు పట్టలేదు, ఎండ కాయలేదు, మామూలు పొద్దు. తాత తెల్లవారుజామునే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గుర్రం జూలు దువ్వాడు. పదకొండింటికి డాక్టరమ్మ, ఆవిడ వెనకే స్కూలాయన వచ్చారు. ఆవిడ చేతిలో మామూలుగా తెచ్చే చిన్న సంచీ కాక నల్ల పెట్టె ఒకటుంది. దాన్ని ఇంటి అరుగు మీద పెట్టింది. మేమందరం ఆ పెట్టెకేసి చూడకుండా ఉండటానికి చాలా పనులు కల్పించుకున్నాం.

మా దగ్గర గట్టినేలంటే ఇంటి ముందు తారురోడ్డే. ముప్పై అడుగులు నడిచి, అక్కడ తిరిగి, మళ్లీ ముప్పై అడుగులు రావాలంది డాక్టరమ్మ. నడక కంటే తిరగడమే అసలు పరీక్ష. గిట్ట లోపల నొప్పి ఉన్న గుర్రం తిన్నగా ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, తిరిగేటప్పుడు బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది, అక్కడ దాచలేదు. పగ్గం తానే పట్టుకుంటానని తాత అడిగాడు. వదులుగా పట్టుకోమంది. ఆనుకోవడానికి వీల్లేదు, దానికీ, మీకూ, అంది.

తారు మీద గిట్టల చప్పుడు మొదలైంది. నేను చదివిన కొద్ది చదువులో లెక్కలు ఎప్పుడూ ఒంటబట్టలేదు. ఆ చప్పుడు మాత్రం ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టాను. మొదటి పది అడుగులు పొట్టిగా, బిగుసుకుపోయినట్టు పడ్డాయి. స్కూలాయన నేలకేసి చూశాడు. తర్వాతివి కొంచెం సాగాయి. ముప్పై అడుగుల దగ్గర తాత ఆగాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఇటుకల లారీ ఒకటి మలుపు తిరిగి వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టాడు. అమ్మమ్మ రోడ్డు మధ్యకి వెళ్లి అరచెయ్యి చూపించింది. ఆవిడ ముఖంలో ఏం చూశాడో, అతను ఇంజన్ కూడా ఆపేశాడు.

"తిప్పండి," అంది డాక్టరమ్మ.

తాత పగ్గం వదులు చేసి మెల్లగా పక్కకి అడుగు వేశాడు. మబ్బు తల తిప్పింది. ఎడమ ముందరి కాలు ఎత్తి, గాల్లో ఒక్క క్షణం ఆపింది. తాత పగ్గం లాగలేదు. కాలు తారు మీద ఆనింది. బరువు దాని మీదకి వచ్చింది. కుడికాలు దాన్ని దాటుకుని వెళ్లి పడింది. మళ్లీ ఎడమది. తిరగడం పూర్తయింది. ముప్పై అడుగులు వెనక్కి వచ్చింది.

డాక్టరమ్మ రోడ్డు మీద గొంతుక్కూర్చుని రెండు గిట్టలూ వేళ్లతో నొక్కింది. మోకాళ్లు దులుపుకుంటూ లేచి, ఇక మీద ఎవరూ ఎక్కకూడదని, ఏడాది దాకా పచ్చిమేత ముట్టకూడదని, వాన పడేలోపు లాయం చుట్టూ కాలవ ఇంకా లోతు చేయాలని చెప్పింది. తర్వాత అరుగు మీది పెట్టె తీసుకెళ్లి కారులో పెట్టేసింది. స్కూలాయన తాత భుజం మీద ఒకసారి చెయ్యి వేసి ఆవిడ వెనకే వెళ్లాడు.

తాత మాత్రం రోడ్డు మధ్యలో పగ్గం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదన్నట్టు కారుతున్నవి కారనిచ్చాడు. లారీ డ్రైవరు కాసేపు ఓపిక పట్టి, తల బయటికి పెట్టి అడిగాడు.

"ఏమైంది పెద్దాయనా?"

"నడిచింది," అన్నాడు తాత.

డ్రైవరు గుర్రాన్ని చూశాడు, ఏడుస్తున్న ముసలాయన్ని చూశాడు, ఇంకా అరచెయ్యి దించని అమ్మమ్మని చూశాడు.

"మంచిది. అయితే ఇంకో నాలుగడుగులు నడిపించి పక్కకి తీయండి, నాకు దారి కావాలి."

మబ్బు ఆ నాలుగడుగులూ నడిచింది.